ఇరుకులోనూ ఊపిరాడే అక్షరం: బోల్డ్ కండెన్స్‌డ్ శాన్స్ సెరిఫ్ ఫాంటు గీయడం, వాడడం

పొడుగ్గా, ఇరుకుగా, దట్టమైన నలుపుతో నిలబడే ఇంగ్లీషు అక్షరాలు మనకు రోజూ కనబడుతూనే ఉంటాయి. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద, ఆటగాళ్ల జెర్సీ వెనక, పత్రిక మొదటి పేజీలో, సినిమా పోస్టర్ అడుగున. వీటి చివర్లలో తోకలు ఉండవు, గీత లావు, వెడల్పు తక్కువ. డిజైన్ చేసేవాళ్లు బోల్డ్ కండెన్స్‌డ్ శాన్స్ సెరిఫ్ అనేది వీటినే.

చూడటానికి సులువుగా అనిపించే ఈ అక్షరాల్లో అసలు పనంతా గీతల మధ్య మిగిలే తెలుపు దగ్గర ఉంటుంది. గీత లావు పెంచితే ఆ తెలుపు తగ్గుతుంది. వెడల్పు తగ్గిస్తే ఇంకా తగ్గుతుంది. ఇలా రెండు వైపుల నుంచీ నొక్కేస్తున్నప్పుడు ఆ తెలుపును ఎలా కాపాడుకోవాలో తెలిస్తే ఫాంటు గీయడమూ వస్తుంది, ఇంకొకరు గీసినదాన్ని సరిగ్గా వాడుకోవడమూ వస్తుంది. ఈ మార్గదర్శి రెండిటికీ. ఫాంటు గీసే ఆలోచన లేనివాళ్లు కూడా మూడో మెట్టు చదవండి. అక్కడ చెప్పిన కొలతలు ఒకసారి బుర్రలోకి ఎక్కితే ఏ ఫాంటు బాగుందో, ఏది బాగాలేదో కన్నే చెప్పేస్తుంది.

ముందు కొంచెం చరిత్ర

లండన్‌లో నాలుగో విలియం కాస్లన్ 1816లో తన నమూనా పుస్తకంలో తోకల్లేని అచ్చు అక్షరాలను చూపించాడు. అందులో ఉన్నవి పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే. ఆ తర్వాత నాటకాలు, సర్కస్‌లు, వేలంపాటల పోస్టర్ల కాలం వచ్చింది. కాగితం వెడల్పు మారదు, చెప్పాల్సిన మాటలు ఎక్కువ, వీధి అవతలి నుంచి కూడా కనబడాలి. అలాంటప్పుడు అక్షరాన్ని ఎత్తుగా ఉంచి వెడల్పు తగ్గించడం తప్ప దారి లేదు. అంత పెద్ద అక్షరాలను సీసంతో పోస్తే బరువూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ యంత్రంతో చెక్కిన చెక్క అక్షరాల క్యాటలాగును 1828లో వేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ యంత్రానికి పాంటోగ్రాఫ్ (గీతను వేరే సైజులో నకలు తీసే చట్రం) జోడించాక ఒకే నమూనా నుంచి రకరకాల సైజుల్లో, వెడల్పుల్లో అక్షరాలు తీయడం తేలికైంది.

మనం ఇప్పుడు వాడే ఫాంట్లలో చాలావాటికి మూలపురుషుడు ఆల్టర్నేట్ గోథిక్. అమెరికన్ టైప్ ఫౌండర్స్ కోసం మోరిస్ ఫుల్లర్ బెంటన్ దాన్ని 1903లో గీశాడు. ఒకే అక్షరాన్ని మూడు వెడల్పుల్లో ఇచ్చాడు, కాలమ్‌కు సరిపోయేది ఎంచుకోవచ్చు. అందులో అన్నిటికన్నా ఇరుకైనదాన్ని 2009లో లీగ్ ఆఫ్ మూవబుల్ టైప్ వాళ్లు లీగ్ గోథిక్ పేరుతో మళ్లీ తెచ్చారు. వెర్నన్ ఆడమ్స్ చేసిన ఆస్వాల్డ్ కూడా ఆ వంశానిదే. మరో కొమ్మలో ఫ్రెడ్ లాంబర్ట్ గీసిన కాంపాక్టా (1963), జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ (1965) ఉన్నాయి. ఇచ్చిన సైజులో కాగితం మీద వీలైనంత ఎక్కువ సిరా పట్టించాలన్నదే ఇంపాక్ట్ వెనకున్న ఆలోచన. విండోస్‌తో పాటు ప్రతి కంప్యూటర్‌లోకీ వచ్చేసింది కాబట్టి ఇంటర్నెట్ మీమ్‌ల ఫాంటు కూడా అదే అయింది.

మొదటి మెట్టు: మీకు ఇది నిజంగా కావాలా?

ఈ ఫాంటు మూడు చోట్ల బాగా పనికొస్తుంది. ఎత్తు ఉండి వెడల్పు లేని చోట, మాట పొట్టిగా ఉన్న చోట, ఒక్క చూపులో కంటబడాల్సిన చోట. పత్రిక శీర్షిక, స్కోరు బోర్డు, ఉత్పత్తి డబ్బా మీద పేరు, దుకాణం బోర్డు అలాంటివే. జర్మనీ రోడ్ల మీద ఊళ్ల పేర్లు పొడుగైతే డిన్ 1451 అనే జర్మన్ అక్షరాల ప్రమాణంలోని ఇరుకు రూపం ఎంగ్‌ష్రిఫ్ట్ వాడతారు. అక్షరం ఎత్తు తగ్గించకుండానే పేరు బోర్డులో పడుతుంది.

సినిమా పోస్టర్ అడుగున ఊచల్లాంటి అక్షరాలతో పేర్ల వరుస ఉంటుంది కదా, దాని వెనక ఉన్న కారణం నాకు చాలా నచ్చుతుంది. హాలీవుడ్ ఒప్పందాల్లో ఫలానావారి పేరు టైటిల్ సైజులో ఇంత శాతం ఉండాలని రాసుకుంటారు. దాన్ని ఎత్తుతో లెక్కిస్తే, ఎత్తు అలాగే ఉంచి వెడల్పును నొక్కేయొచ్చు. ఒప్పందమూ నిలబడుతుంది, పోస్టర్‌లో బొమ్మకు చోటూ మిగులుతుంది. అలాంటి ఒప్పందాలతో పని లేకపోయినా తెలుగు సినిమా పోస్టర్లలో ఇంగ్లీషు పేర్ల వరుస ఇప్పుడు అదే పద్ధతిలో వస్తోంది.

పనికిరాని చోటు కూడా చెప్పాలి. పేరా మొత్తం దీనితో వేయకండి. రెండు మూడు పంక్తులు దాటితే నిలువు గీతలన్నీ కలిసిపోయి కంచెలా కనబడతాయి, చదివేవాడి కన్ను పంక్తి తప్పుతుంది. మందుల డబ్బా మీద హెచ్చరికలు, షరతులు, ఫోన్ తెరమీద చిన్న సైజు రాత, ఇవేవీ దీని పని కాదు.

రెండో మెట్టు: నొక్కి ఇరుకు చేయకండి

ఫొటోషాప్‌లోనో కోరెల్‌డ్రాలోనో మామూలు ఫాంటు తీసుకుని, పక్కనుంచి పట్టుకుని లోపలికి నెట్టేయడం మన డీటీపీ సెంటర్లలో రోజూ జరిగే పని. దాని వల్ల ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఒక బోల్డ్ ఫాంటులో హెచ్ అక్షరం నిలువు గీత 150 యూనిట్లు, అడ్డగీత 130 అనుకోండి. వెడల్పును 60 శాతానికి నెడితే నిలువు గీత 90కి దిగుతుంది. అడ్డగీత 130 దగ్గరే ఉండిపోతుంది. అంటే అక్షరాన్ని మోయాల్సిన నిలువు గీత కన్నా అడ్డగీత లావైపోయింది. ఓ (O) అక్షరంలో ఇది ఇంకా ఘోరంగా తెలుస్తుంది. పైనా కిందా లావుగా, పక్కలు పీలగా తేలుతుంది. చూసేవాళ్లకు కారణం తెలియకపోవచ్చు గానీ ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

అందుకే ఇరుకు రూపాన్ని విడిగా గీయాలి, లేదా అలా గీసి ఉన్న ఫాంటును ఎంచుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉండే నకిలీ బోల్డ్ బటన్ కూడా ఇలాంటిదే. అది గీత చుట్టూ నలుపు పూస్తుంది, లోపలి తెలుపు మూసుకుపోతుంది.

మూడో మెట్టు: హెచ్, ఓ గీయండి

ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, నేర్చుకోవడానికి చాలు. మ్యాక్ ఉన్నవాళ్లు గ్లిఫ్స్ వాడొచ్చు. గళ్ల కాగితం మీద మొదలుపెట్టినా తప్పు లేదు. అక్షరం కూర్చునే చదరం కొలత 1000 యూనిట్లు పెట్టుకోండి, పెద్దబడి అక్షరం ఎత్తు 700.

హెచ్ నుంచి మొదలుపెట్టండి. నిలువు గీత 130, లోపలి తెలుపు 110, మళ్లీ గీత 130. మొత్తం వెడల్పు 370. గీత, తెలుపు దాదాపు సమానంగా ఉన్నాయని గమనించండి. ఈ నిష్పత్తి మీ ఫాంటు గుండె చప్పుడు లాంటిది, మిగతా అక్షరాలన్నీ దీని లయలోనే నడవాలి. తెలుపు 110 నుంచి 70కి తగ్గిస్తే ఇంపాక్ట్ తరహా బరువు వస్తుంది, పెద్ద సైజులోనే బతుకుతుంది. 140కి పెంచితే ఆస్వాల్డ్ వైపు వెళుతుంది, కొంచెం చిన్న సైజును కూడా తట్టుకుంటుంది. అడ్డగీత 112 దగ్గర పెట్టండి. కొలతలో సమానంగా ఉంటే అడ్డగీత కంటికి లావుగా కనబడుతుంది, అందుకే తగ్గించాలి. దాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా కొద్దిగా పైకి జరపండి. మధ్యలో పెడితే కిందికి జారినట్టు ఉంటుంది.

తర్వాత ఓ. ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. గుండ్రటి ఓ తీసుకుని కోడిగుడ్డులా సాగదీస్తే ఈ ఫాంటులో పనికిరాదు. పక్కలు రెండూ నిటారు గీతలుగా ఉండాలి, పైనా కిందా మాత్రమే వంపు తిరగాలి. 700 ఎత్తులో పైన 170, కింద 170 వంపుకు వదిలితే మధ్యలో 360 యూనిట్లు నిటారు గీతే. అప్పుడే హెచ్ పక్కన ఓ నిలబడినప్పుడు నిలువు గీతల వరుస తెగదు. వంపు మొదలయ్యే చోట మలుపు కనబడకూడదు. నిటారు గీత ఎక్కడ ఆగిందో, వంపు ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకుంటే హ్యాండిళ్లను (వంపును నియంత్రించే పిడులను) ఇంకొంచెం పొడిగించి నునుపు చేయండి. లోపలి వంపు బయటి వంపుకు నకలు కాకూడదు. లోపల చోటు తక్కువ కాబట్టి ఆ వంపు ఇంకా బిగువుగా తిరుగుతుంది. పైనా కిందా హెచ్ కన్నా పదేసి యూనిట్లు బయటికి దాటించండి. అలా దాటించకపోతే హెచ్ పక్కన ఓ పొట్టిగా కనిపిస్తుంది.

ఈ రెండూ కుదిరాక వాటిని హెచ్ హెచ్ ఓ హెచ్ ఓ ఓ అని వరుసగా పేర్చి, తెర నుంచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. కళ్లు సగం మూసుకుని చూస్తే మొత్తం ఒకే బూడిద రంగు పట్టీలా కనబడాలి. ఎక్కడైనా నల్ల మచ్చ తేలితే అక్కడ తెలుపు చాల్లేదు. నిజం చెప్పాలంటే, ఫాంటు పనిలో ఎక్కువ కాలం ఇక్కడే ఖర్చు పెట్టాలి. హెచ్, ఓ బాగా కుదిరితే డి, యు, సి, జి, క్యు సగం తయారైనట్టే.

నాలుగో మెట్టు: మొండి అక్షరాలు

ఈ (E), ఎఫ్, ఎల్‌లను హెచ్ కన్నా ఇరుకు చేయండి. వాటి కుడివైపు ఇప్పటికే బోలెడు తెలుపు ఉంది. ఎమ్, డబ్ల్యు అసలు సమస్య. నాలుగు గీతలను ఇరుకు చోట ఇమడ్చాలి. హెచ్ వెడల్పులోనే పెట్టాలని మొండికేయకండి, ఎమ్‌కు 490, డబ్ల్యుకు 540 దాకా ఇవ్వండి. లోపలి ఏటవాలు గీతలను 95 దాకా సన్నం చేసి, అవి కలిసే మూలల్లో చిన్న కోత పెట్టండి. అచ్చులో సిరా పారి మూల పూడిపోకుండా ఆ కోత కాపాడుతుంది. తెరమీద కూడా ఆ చోటు మచ్చలా కనబడదు.

ఎస్ అన్నిటికన్నా ఓపిక అడుగుతుంది. మూడు అడ్డ వంపులు, మధ్యలో ఏటవాలు వెన్నెముక. ఇరుకు పెరిగేకొద్దీ ఆ వెన్నెముక నిటారుగా లేస్తుంది. పై గది (వంపు లోపలి తెలుపు) కింద గది కన్నా కొంచెం చిన్నది చేయండి, లేకపోతే తలబరువుతో పడబోతున్నట్టుంటుంది. సి, ఎస్, జి చివర్లను ఏటవాలుగా కోయకుండా అడ్డంగా కోయండి. కొసలు పక్క అక్షరం మీదికి పొడుచుకు రావు, అక్షరాలను దగ్గరగా పేర్చుకోవచ్చు.

చిన్నబడి (స్మాల్) అక్షరాల ఎత్తు పెద్దగా ఉండాలి. పెద్దబడి 700 అయితే ఎక్స్ ఎత్తు (చిన్నబడి ఎక్స్ అక్షరం ఎత్తు) 530 దాకా. నిలువు గీత 130 కాదు, 122 చాలు. ఎన్ అక్షరంలో భుజం (పై వంపు) నిలువు గీతను కలిసే చోట గీతను మూడింట రెండు వంతులకు సన్నం చేయండి. ఆ పని చేయకపోతే ఎన్, ఎమ్, ఆర్, హెచ్ అన్నిటికీ భుజం దగ్గర నల్లటి గడ్డ వస్తుంది. చిన్నబడి అక్షరాలతో పనే పెట్టుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. 2010లో ర్యోయిచి త్సునెకావా ఇచ్చిన బెబాస్ నోయె అలాంటిదే, అందులో పెద్దబడి అక్షరాలు మాత్రమే ఉంటాయి. పోస్టర్లలో అది ఎంతగా పాకిందో చూశాం.

అంకెలను అశ్రద్ధ చేయకండి. ధరలు, స్కోర్లు, తేదీలు, జెర్సీ నంబర్లు ఈ ఫాంటుకు రోజువారీ పని. 3, 8 దూరం నుంచి ఒకటిగా కనబడకుండా 3 ఎడమవైపు తెరుచుకునే చోటు కాస్త ఎక్కువ వదలండి. 6, 9ల కొసలు గది మీదికి మరీ వాలితే అవి కూడా 8గానే కనిపిస్తాయి.

ఐదో మెట్టు: అక్షరాల మధ్య దూరం

హెచ్‌కు రెండు వైపులా 40 చొప్పున వదిలితే రెండు హెచ్‌ల మధ్య 80 వస్తుంది. అది లోపలి తెలుపు 110 కన్నా తక్కువ. అలాగే ఉండాలి, అప్పుడే మాట ఒక ముద్దగా నిలుస్తుంది. ఓకు 34 చాలు. ఏ-వీ, ఎల్-టీ, టీ-ఏ లాంటి జంటలకు దూరం విడిగా సర్దాలి.

వాడేటప్పుడు మాత్రం సైజును బట్టి దూరం మారుతుంది. బ్యానర్ అంత పెద్దగా వేస్తే అక్షరాలను కొంచెం దగ్గరికి లాగండి. చిన్న సైజులో వేస్తే విడదీయండి. అన్నీ పెద్దబడి అక్షరాలైతే ఇంకాస్త విడదీయండి. నల్లటి నేల మీద తెల్ల అక్షరాలు వేసినప్పుడు అవి ఉబ్బినట్టు కనబడతాయి, వీలైతే ఒక మెట్టు తక్కువ బరువు (సన్నటి గీతల రూపం) ఎంచుకుని దూరం పెంచండి.

ఆరో మెట్టు: తెలుగుతో కలిపి వాడటం

మన పోస్టరు, మన పత్రిక, మన ఫ్లెక్సీ రెండు లిపుల్లో నడుస్తాయి కాబట్టి ఇది దాటవేయలేని విషయం. తెలుగులో మాటలు పొడుగు. ముఖ్యమంత్రి, విశాఖపట్నం, పెరగనున్నాయి లాంటి మాటలు పడే శీర్షికకు ఇరుకు అక్షరం నిజంగానే అవసరం. కానీ ఇంగ్లీషు సూత్రాలు ఇక్కడ నేరుగా పనిచేయవు. ఇంగ్లీషు హెచ్‌లో రెండు నిలువు గీతలను దగ్గరికి జరిపితే సరిపోతుంది. తెలుగు అక్షరానికి ఒళ్లంతా వంపులే, జరపడానికి నిలువు గీతే లేదు.

ప, ఫ తీసుకోండి. రెండిటికీ ఉన్న తేడా కింద ఉండే చిన్న ఒత్తు గీత ఒక్కటే. ద, ధ అంతే. చ, ఛ అంతే. డ, ఢ అంతే. ఇక ధ, థల తేడా మధ్యలో ఉండే చుక్కే. బరువు పెంచి వెడల్పు తగ్గించగానే మొదట చచ్చిపోయేవి ఇవే. పరీక్షల సీజన్లో ‘ఫలితాలు’ అని పెద్ద శీర్షిక వేస్తే, ఒత్తు గీత నలుపులో కలిసిపోయి ‘పలితాలు’ అయి కూర్చుంటుంది. ‘ధరలు’ కాస్తా ‘దరలు’ అవుతుంది. అందుకని తెలుగు ఫాంటు ఎంచుకునేటప్పుడు ఫ, ధ, థ, ఛ, ఠ, ఘ, ఝ ఈ ఏడింటినీ మీరు వాడబోయే సైజులో వేసి చూడండి. తలకట్టుకూ కింది గుండ్రానికీ మధ్య తెలుపు మిగిలిందో లేదో చూడండి. ఈ పరీక్షలో తప్పిన ఫాంటును ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఇరుకు తెలుగు రూపాలను విడిగా గీసిన ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఎక్ టైప్ వాళ్లు చేసిన అనేక్ తెలుగు వేరియబుల్ ఫాంటు. అందులో బరువును 100 నుంచి 800 దాకా, వెడల్పును 75 నుంచి 125 శాతం దాకా మార్చుకోవచ్చు. ఇక్కడ వెడల్పు తగ్గించడం నొక్కడం లాంటిది కాదు, ఇరుకు రూపానికి గీతల లావును డిజైనరే సరిచేసి పెట్టారు. అదే కుటుంబంలో అనేక్ లాటిన్ కూడా ఉంది కాబట్టి రెండు లిపులకూ జత కుదురుతుంది. తెలుగులో పూర్తి బరువు, పూర్తి ఇరుకు రెండూ ఒకేసారి వాడకండి. వెడల్పు బాగా తగ్గిస్తే బరువు ఒక మెట్టు దించండి.

పక్కన ఆస్వాల్డో లీగ్ గోథికో పెడుతుంటే రెండిటికీ ఒకే పాయింట్ సైజు ఇచ్చి వదిలేయకండి. ముందు తెలుగు గీత లావు, ఇంగ్లీషు నిలువు గీత లావు కంటికి సమానంగా కనబడేలా సర్దండి, ఎత్తు సంగతి ఆ తర్వాత.

పంక్తుల మధ్య దూరం మరో చిక్కు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల కిందికి దాదాపు ఏదీ వేలాడదు కాబట్టి, సైజులో 90 శాతం దూరంతో పంక్తులను ఒకదాని మీద ఒకటి ఇటుకల్లా పేర్చవచ్చు. తెలుగులో ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద ట వత్తు, ర వత్తు రెండూ రావాలి. ‘విద్యుత్తు’లో వత్తు పక్కకూ పాకుతుంది. కింది పంక్తిలో గుడి దీర్ఘం ఉంటే రెండూ ఢీకొంటాయి. 130 శాతం దూరంతో మొదలుపెట్టి, ఆ శీర్షికలో ఉన్న వత్తులను చూసుకుని తగ్గించండి. అడోబ్ ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే అది ఫాంటు తప్పు కాకపోవచ్చు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి.

ఏడో మెట్టు: బయటికి పంపే ముందు

లైసెన్సు చూసుకోండి. ఆస్వాల్డ్, యాంటన్, లీగ్ గోథిక్, బెబాస్ నోయె, అనేక్ అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, వ్యాపారానికి వాడుకున్నా డబ్బు కట్టక్కర్లేదు. ఇంపాక్ట్ అలా కాదు. అది మీ విండోస్‌లో ఉన్నంత మాత్రాన దాన్ని యాప్‌లో పెట్టి పంచే హక్కు రాదు.

బోర్డు పనివాళ్లు ఒక అంగుళం ఎత్తు అక్షరాన్ని పదడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని లెక్క వేసుకుంటారు. ఆ లెక్క మామూలు వెడల్పు అక్షరాలది. ఇరుకు బోల్డ్‌కు ఎత్తు ఇంకాస్త పెంచుకోండి. దూరం నుంచి చూసినప్పుడు మొదట మాయమయ్యేది లోపలి తెలుపే.

ఫ్లెక్సీకి ఇచ్చే ముందు అసలు సైజులో ఒక్క మాట ప్రింటు తీసి గోడకు అంటించండి. అందులో ఒత్తక్షరం, వత్తు, 3, 8 ఉండేలా చూసుకోండి. న్యూస్‌ప్రింట్ మీద వేయబోతుంటే అదే కాగితం మీద ప్రూఫ్ అడగండి. నున్నటి కాగితం మీద విడిగా కనిపించిన చుక్క న్యూస్‌ప్రింట్ మీద సిరా పీల్చుకుని పక్క గీతలో కలిసిపోవచ్చు. థంబ్‌నెయిల్ అయితే ఫోన్‌లో అది కనబడే అసలు సైజులోనే, వెలుతురు తగ్గించి చూడండి. శీర్షికలో ఏముందో ముందే తెలియని మనిషికి చూపించి గట్టిగా చదవమనండి. ఆ మనిషి ఏ అక్షరం దగ్గర ఆగితే ఆ అక్షరం చుట్టూ చోటు పెంచండి, లేదా బరువు ఒక మెట్టు దించి మళ్లీ ప్రింటు తీయండి.